ఇరుసు మీద బరువు

లారీల గురించి కాలేజీ సంచికలో రాసేదేముంటుందని కొందరు మిత్రులు నవ్వారు. కథో కవితో రాయరాదా అన్నారు. నాకు కవిత్వం రాదు. చదువుతున్నది ఫిజిక్సు, పుట్టింది వ్యవసాయ కుటుంబంలో, పెరిగింది జహీరాబాదు దగ్గర హైవేకు కూతవేటు దూరంలో. ఈ మూడూ కలిపితే తేలేది లారీయే. మా పొలంలో పండింది అల్లమైనా, ఆలుగడ్డయినా, చెరకైనా సరే, లారీ ఎక్కనిదే పైసా కాదు. కనుక పాఠకులు కొంచెం ఓపిక పట్టి నాతో పాటు నాలుగు మైళ్ళు ప్రయాణం చేయవలసిందిగా మనవి.

మా జహీరాబాదును రోడ్డు ఊరు అనాలి. పూణె నుంచి షోలాపూరు, హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నం పోయే రహదారి మా ఊరి గుండా పోతుంది. దాని పాత నంబరు 9, ఇప్పుడు 65. కానీ మా ముసలివాళ్ళకు ఏ నంబరూ అక్కరలేదు, అది "బొంబాయి రోడ్డు", అంతే. రోడ్డు ఒక్కటే కాదు, బండ్లు తయారుచేసే ఊరు కూడా మాది. 1980లలో జపాను కంపెనీల పొత్తుతో మన దేశంలో నాలుగు చిన్న లారీలు వచ్చాయి. డీసీఎం టొయోటా, స్వరాజ్ మాజ్దా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్. ఈ నాలుగో దానికి పుట్టిల్లు జహీరాబాదే. ఆ ఫ్యాక్టరీ తరువాత మహీంద్రా వారి చేతికి వచ్చింది. 2013 నుంచి అక్కడ ట్రాక్టర్లు కూడా తయారవుతున్నాయి.

ఇలాంటి ఊళ్ళో పిల్లలకు లారీ నంబర్లు చదవడం ఎక్కాల కంటె ముందు వస్తుంది. టాటా లారీ ముందు 1613 అని ఉందనుకోండి. మొదటి రెండంకెలు లోడుతో కలిపి బండి మొత్తం బరువు, 16 టన్నులు. తరువాతి రెండంకెలు ఇంజను బలం, సుమారు 130 అశ్వశక్తి. 2518 అంటే 25 టన్నులు, 180 అశ్వశక్తి. ఈ లెక్కను నాకు ఎనిమిదేండ్లప్పుడు నేర్పింది మా మేనమామ. ఆయన పదో తరగతి తప్పాడు గాని ఇరవై రెండేండ్లుగా షోలాపూరు, విజయవాడల మధ్య పది టైర్ల బండి నడుపుతున్నాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. మా చిన్నమ్మ కొడుకు అమెరికాలో డల్లాసులో ఉంటాడు. మా ఊరి వాడే ఇంకొకడు జర్మనీలో ఎం.ఎస్. చదువుతున్నాడు. నా లారీ పిచ్చి తెలిసి ఇద్దరూ ఫోటోలు పంపుతుంటారు. అమెరికా లారీకి ముక్కు పొడుగు. ఇంజను ముందు పెట్టె మాదిరిగా ఉంటుంది, దాని వెనుక డ్రైవరు, ఆ వెనుక చిన్న గదంత పడక. యూరపు లారీకి ముక్కే లేదు, మొహం గోడలా చదును. డ్రైవరు ఇంజను నెత్తిన కూర్చుంటాడు. రెండూ చేసేది ఒకటే పని, రెండు చోట్లా చదువుకున్న ఇంజనీర్లే. మరి రూపాలు ఇంత వేరుగా ఎందుకున్నాయి? అభిరుచి అనుకున్నాను మొదట్లో. చదివిన కొద్దీ తెలిసిందేమంటే, ఆ ముక్కును పొడిగించిందీ, కోసిందీ చట్టమే.

యూరపులో 1996 నాటి ఉమ్మడి నిబంధన ప్రకారం ట్రెయిలరు తగిలించిన లారీ మొత్తం పొడవు 16.5 మీటర్లు దాటరాదు. ముక్కు మొన నుంచి తోక దాకా అన్నీ ఆ కొలతలోకే వస్తాయి. ముక్కుకు ఒక మీటరు ఇస్తే సరుకులో ఒక మీటరు పోయినట్టే. సరుకు పోగొట్టుకునే వ్యాపారి ఎక్కడుంటాడు? అందుకని ముక్కు పోయింది. అమెరికాలో కూడా ఒకప్పుడు చాలా రాష్ట్రాల్లో ఇలాంటి కొలతే ఉండేది, అప్పుడు అక్కడా చదును మొహం లారీలే ఎక్కువ. 1982లో వచ్చిన కేంద్ర చట్టం జాతీయ రహదారుల మీద ట్రెయిలరు పొడవునే లెక్కలోకి తీసుకోవాలన్నది, ముందున్న ఇంజను బండిని వదిలేసింది. ఇంకేం, ముక్కు తిరిగి మొలిచింది! ఇంజను రిపేరుకు అందుబాటులో ఉంటుంది, కుదుపు తక్కువ, పడక విశాలం. యూరపు వారు కూడా 2015లో నిబంధన సడలించి, గాలిని చీల్చుకుపోయే గుండ్రటి మొహానికి కొంత పొడవు అదనంగా ఇచ్చారు. ఆ కొలతలతో 2021లో డాఫ్ కంపెనీ కొత్త బండ్లు దించింది.

మన లారీలు మాత్రం యూరపు చుట్టాలే. టాటాలు 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకున్నారు, అది 1969 దాకా సాగింది. మద్రాసులోని అశోక్ మోటార్సు 1955లో ఇంగ్లండు లేలాండుతో కలిసి అశోక్ లేలాండయింది. ఆ కాలపు టాటా-బెంజి లారీకి ముక్కుండేది, పాత సినిమాల్లో చూసే ఉంటారు. రానురాను మన వాళ్ళూ చదును మొహానికే వచ్చారు. అయితే యూరపు నుంచి ఇంజను తెచ్చుకున్నాం గాని డ్రైవరు గదిని తెచ్చుకోలేదు. కంపెనీ ఇంజనూ చాసిసూ ఇచ్చేది, క్యాబిను కట్టడం బాడీ మేస్త్రీల పని. చెక్కా రేకులతో కట్టి, రంగులు పూసి, నిమ్మకాయ కట్టి రోడ్డు మీదికి వదిలేవారు. మా మామ మొదట నడిపిన బండి అటువంటిదే. ఎండాకాలం ఇంజను వేడికి కాళ్ళు బొబ్బలెక్కేవట. పెద్ద లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి అని 2023 డిసెంబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే బండ్లకు అది వర్తిస్తుంది. డ్రైవరు కూడా మనిషేనని కాగితం మీదికి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

రూపం సంగతి అలా ఉంచి బరువు సంగతి చూద్దాం. అమెరికాలో జాతీయ రహదారి మీద లారీ మొత్తం బరువు 80,000 పౌండ్లు, అంటే సుమారు 36.3 టన్నులు దాటకూడదు. ఒంటి ఇరుసు మీద 20,000 పౌండ్లు, సుమారు 9.07 టన్నులు. పక్కపక్కన ఉన్న జంట ఇరుసుల మీద 34,000 పౌండ్లు. యూరపులో అయిదు ఇరుసుల బండికి మొత్తం 40 టన్నులు, ఇంజను తిప్పే ఇరుసు మీద 11.5 టన్నులు, మిగతా ఒంటి ఇరుసు మీద 10. ఫిన్లాండు 2013లో తొమ్మిది ఇరుసుల బండికి 76 టన్నుల దాకా అనుమతించింది. చూడగానే యూరపు వాడు ఉదారుడు, అమెరికా వాడు పిసినారి అనిపిస్తుంది. కానీ ఇందులో ఒక చిక్కుంది.

అమెరికా వారు బరువుతో పాటు దూరాన్ని కూడా కొలుస్తారు. 1974 చట్టంతో వచ్చిన వంతెన సూత్రం ఇది. మొదటి ఇరుసుకూ చివరి ఇరుసుకూ మధ్య ఎన్ని అడుగులున్నాయి, మొత్తం ఇరుసులెన్ని అన్న రెండు లెక్కలను బట్టి ఎంత బరువుకు అనుమతో తేలుతుంది. అయిదు ఇరుసుల బండికి పూర్తి 80,000 పౌండ్లు కావాలంటే చివరి ఇరుసులు రెండింటి మధ్య 51 అడుగులుండాలి. ఇందులో వింతేమీ లేదు. వాగు మీద వేసిన పలక మీద పదిమంది ఒకచోట నిలబడితే పలక విరుగుతుంది. అదే పదిమంది ఎడం ఎడంగా నడిస్తే విరగదు. ఈ సంగతి బడికి పోని మా నాయినకు కూడా తెలుసు, అమెరికా వారు దాన్ని సూత్రంగా రాసుకున్నారు. అక్కడ లారీ పొడుగ్గా ఉండటానికి ఇదొక కారణం. యూరపులో మొత్తం పొడవుకే కట్టుబాటు గనుక బండి కుదురుగా ఉంటుంది, ట్రెయిలరు కింద మూడు ఇరుసులు ఒకచోట చేరతాయి.

ఇరుసు మీద ఇంత పట్టు ఎందుకన్నది తరువాతి ప్రశ్న. దీనికి జవాబు అమెరికాలో ఇలినాయి రాష్ట్రం, ఒటావా అనే ఊరి దగ్గర దొరికింది. 1958 నుంచి 1960 దాకా రెండేళ్ళపాటు అక్కడ రకరకాల మందంతో రోడ్లు వేసి, రకరకాల బరువులతో లారీలను రాత్రింబగళ్ళు తిప్పారు. నడిపింది సైనికులు. పదకొండు లక్షలకు పైగా ఇరుసు దాట్లు లెక్కపెట్టారు. తేలిందేమంటే, రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువుతో పాటు సమానంగా పెరగదు, దాదాపు ఆ బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. బరువు రెట్టింపయితే నష్టం రెండింతలు కాదు, పదహారింతలు!

క్లాసులో ఘాతాంకాలు చెప్పినప్పుడు నిద్రపోయిన మిత్రులు ఇక్కడ లేచి కూర్చోవాలి. మన ఇంజనీర్లు రోడ్డు మందం లెక్కగట్టేటప్పుడు ప్రామాణికంగా తీసుకునే ఇరుసు బరువు 8,160 కిలోలు. ఇది 18,000 పౌండ్ల అమెరికా అంకెకు కిలోల్లో వేసిన చొక్కా, అంతే. మన దేశంలో నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు చాలాకాలం 10.2 టన్నుల పరిమితి ఉండేది. 8.16తో భాగిస్తే 1.25, దాని నాలుగో ఘాతం 2.44. అంటే ఆ ఇరుసు ఒకసారి దాటితే ప్రామాణిక ఇరుసు రెండున్నర సార్లు దాటినంత అరుగుదల. 2018 జూలైలో కేంద్రం ఆ పరిమితిని 11.5 టన్నులకు పెంచింది. జంట ఇరుసులకు 19 నుంచి 21కి, అతి పెద్ద ట్రెయిలరు బండికి 49 నుంచి 55కి పెంచింది. ఆరు టైర్ల లారీ 16.2 నుంచి 18.5 అయింది. 10.2 నుంచి 11.5 అంటే పెరిగిన బరువు నూటికి పదమూడు. నాలుగో ఘాతం వేసి చూడండి, ఒక్కొక్క దాటుకు పెరిగిన నష్టం నూటికి అరవై రెండు. ట్రిప్పులు కొన్ని తగ్గుతాయన్నది నిజమే, అది కలుపుకున్నా రోడ్డుకు నష్టంగానే తేలుతుంది. పదకొండున్నర అన్న అంకె యూరపుదే. యూరపు వారు ఆ అంకెకు తగ్గ మందంతో రోడ్డు వేసుకుంటారు. మా ఊళ్ళో అంకె వచ్చింది, మందం రాలేదు.

ఇదంతా చట్టం ఒప్పుకున్న బరువు సంగతి. ఒప్పుకోని బరువు సంగతి మా ఊరి రోడ్డునడిగితే చెబుతుంది. చెరకు కాలంలో మా ఊరి నుంచి ఫ్యాక్టరీకి పోయే దారిలో లారీ అంటే కదిలే చెరకు తోట. కింద ఆరు టైర్లు మాత్రమే కనిపిస్తాయి. కాంట దగ్గర రెండు రోజులు వరుసలో నిలబడితే చెరకు ఎండి బరువు తగ్గుతుంది, ఆ తగ్గిన బరువు రైతు లెక్కలోంచి పోతుంది. అందుకని రైతు ఒక్క ట్రిప్పులోనే అంతా పంపాలని చూస్తాడు. ఆ ట్రిప్పులకు ఊరి రోడ్డు రెండేళ్ళలో పలుగులు తేలింది. తరువాత ఆరేళ్ళు అదే రోడ్డు మీద మా చెల్లెలు సైకిలు మీద బడికి పోయింది. రోడ్డు పాడు చేసినవారెవరంటే, లారీ అని మేమంటాం. లారీలో ఉన్నది మా చెరకే.

మామను ఒకసారి సూటిగానే అడిగాను. ఎక్కువ లోడు ఎందుకు వేసుకుంటావు మామా, ప్రాణం మీదికి రాదా అని. ఆయన నవ్వాడు.

"పాసింగు లోడు ఏసుకుంటే డీజిలుకు, టోలుకు, కిస్తీకి సాల్తది రా అల్లుడూ. గా పైన ఏసిన నాలుగు టన్నులే ఓనరుకు మిగిలేది. నేను ఏసుకోనంటె ఎనక ఇంకొకడు ఉంటడు. బిరేకు తొక్కినప్పుడు తెలుస్తది బరువంటె ఏందో. నువ్వు కాయితం మీద లెక్క సేస్తవు, నేను కాలితోని సేస్త."

మోసేవాడికే తెలుసు బరువు అని ఊరికే అనలేదు పెద్దలు. ఆయన కాలితో చేసే లెక్క కూడా ఫిజిక్సే. వేగం ఒకటే అయితే బరువు పావు వంతు పెరిగినప్పుడు బ్రేకులు మింగవలసిన శక్తి కూడా పావు వంతు పెరుగుతుంది. అదంతా వేడిగా మారుతుంది. వేడెక్కిన బ్రేకు పట్టు వదులుతుంది. యూరపులో డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే ముప్పావుగంట ఆగాలి, సాధారణంగా రోజుకు తొమ్మిది గంటలు మించరాదు, లారీ వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటకుండా ఇంజనుకే కళ్ళెం ఉంటుంది. అమెరికాలో రోజుకు పదకొండు గంటలు. మన దగ్గర 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలే అన్నది. మూడింటిలో కాగితం మీద దయగలది మన చట్టమే! మా మామకు ఈ మాట చెబితే ఆ చట్టం ఏ ఊళ్ళో ఉంటుందని అడిగాడు.

అధిక బరువుకు శిక్ష లేదని కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 194వ సెక్షను ఉంది. మునుపు జరిమానా 2,000 రూపాయలు, పైన టన్నుకు 1,000. 2019 సవరణతో కేంద్రం దాన్ని 20,000గా, టన్నుకు 2,000గా మార్చింది. జరిమానా కట్టి అదే లోడుతో ముందుకు పోవడం కుదరదు, అదనపు సరుకు దించాల్సిందేనని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. పైగా ఆ సెక్షను నడిపిన వాడినే కాదు, నడిపించిన వాడినీ, నడపనిచ్చిన వాడినీ కూడా పట్టుకుంటుంది. చట్టంలో ముగ్గురున్నారు. రోడ్డు మీద దొరికేది ఒక్కడే, స్టీరింగు పట్టుకున్నవాడు. ఆస్ట్రేలియాలో సరుకు పంపిన వ్యాపారి, లోడు ఎత్తించిన వాడు, బండి యజమాని అందరినీ ఒకే గొలుసులో కట్టి బాధ్యులను చేశారు. నాకు యూరపు ముక్కు కంటె, అమెరికా పొడవు కంటె ఈ గొలుసు ఎక్కువ నచ్చింది.

ఇదంతా పుస్తకాల చదువుగా ఉండిపోయేదే గాని, పోయిన సంవత్సరం మా ఇంట్లోకే లారీ వచ్చింది. వచ్చిందంటే మాటగా వచ్చింది. మా అన్న ఇంటరుతో చదువు ఆపి నాయినకు సాయంగా ఉన్నాడు. మాకున్నది ఆరెకరాలు. అల్లం ధర ఒక ఏడాది ఆకాశం, ఒక ఏడాది పాతాళం. రోడ్డు పక్కనున్న రెండెకరాలు అమ్మి పాత పది టైర్ల లారీ కొందామని అన్న పట్టుబట్టాడు. న్యాల్‌కల్, ఝరాసంగం వైపు పెద్ద పారిశ్రామిక మండలి వస్తున్నది, లారీలకు కిరాయిలే కిరాయిలు అని ఆశ. నాయిన రాత్రి బువ్వ తిన్నాక నన్ను పిలిచి, "సదువుకున్నోనివి, లెక్క సెయ్యి" అన్నాడు.

మామను కూర్చోబెట్టుకుని రెండు రాత్రులు లెక్క చేశాను. డీజిలు, టైర్లు, టోలు, ఇన్సూరెన్సు, డ్రైవరు జీతం, క్లీనరు బత్తా, కమాను పట్టీలు, మిగిలిన అప్పుకు కిస్తీ. చట్టం ఒప్పుకున్న లోడుతో నెలకు కొంత చేతినుంచే పెట్టాలి. నాలుగు టన్నులు పైన వేస్తే కొంత మిగులుతుంది. మామ చెప్పిందే నిజమయింది. అన్న ఆ రెండో అంకె చూసి, "గింకేంది మరి? అందరు ఏస్తున్నరు. మనమొక్కలమే ధర్మరాజులమా?" అన్నాడు.

అప్పుడు నేను 2018 సంగతి చెప్పాను. పరిమితి పెరగగానే దేశంలో ఉన్న లారీలన్నీ రాత్రికి రాత్రే పెద్దవయ్యాయి. సరుకు మాత్రం అంతే ఉంది. కొత్త లారీలు కొనేవాళ్ళు తగ్గారు, మరుసటి సంవత్సరం లారీ అమ్మకాలు పడిపోవడానికి అది కూడా ఒక కారణమన్నారు. అందరూ నాలుగు టన్నులు ఎక్కువ మోస్తే టన్ను కిరాయి దిగుతుంది. కిరాయి దిగితే ఆ నాలుగు టన్నులు లాభం కావు, కనీస లోడవుతాయి. లాభం కోసం ఇంకో రెండు టన్నులు వెయ్యాలి. బరువు మోసేది మనం, లాభం సరుకుదారుది, గుంత ఊరిది.

నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు. "అల్లం లెక్కనే గదరా. ఊరంత ఏస్తె ధర పడ్తది. ధర పడిందని ఇంకింత ఏస్తం."

ఇరవై పేజీల లెక్కను ఆయన మూడు ముక్కల్లో తేల్చేశాడు. ఆ రెండెకరాలు అమ్మలేదు. అందులో ఈసారి శెనగ వేశారు. అన్న నాతో నెలరోజులు సరిగా మాట్లాడలేదు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. నేను చదువుకు హైదరాబాదు వచ్చాను, నా ఫీజు, హాస్టలు ఖర్చు ఆ పొలం నుంచే వస్తాయి, ఆయన మాత్రం ఆ పొలంలోనే ఉన్నాడు. లారీ వద్దని నేను లెక్కతో రుజువు చేయగలిగాను గాని, మరి ఏం చేయాలన్న దానికి నా దగ్గర సూత్రం లేదు. అది ఇంకా మా ఇంట్లో తేలని ప్రశ్నే.

ఈ సంచిక చదివే మిత్రుల్లో రేపు ఇంజనీర్లయ్యేవారు, ఆఫీసర్లయ్యేవారు ఉంటారు. లారీని ఆపి తూచడం కంటె లోడెత్తే చోటే తూచడం తేలిక. గోదాముల దగ్గర, ఫ్యాక్టరీల గేట్ల దగ్గర ఎలాగూ కాంటాలున్నాయి. సరుకు ఎంతో వ్యాపారికి కిలోతో సహా తెలుసు, చీటీ మీద రాసుకుంటాడు. ఆ చీటీ మీదే బండి ఇరుసుకు ఎంత బరువు పడిందో కూడా రాసి, దాని కింద వ్యాపారి సంతకం చేసే రోజు వస్తే, మా మామ కాలి మీద భారం కొంత దిగుతుంది. అంతకంటె పెద్ద కోరిక నాకు ప్రస్తుతానికి లేదు.